బూరుగు పలక మీద మైనం

ఫిబ్రవరి 9, మేడ్చల్

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం చాలా చిన్నది. శస్త్రవైద్యం నేర్చుకునేవాడు మనిషి ఒంటి మీద కత్తి పెట్టకముందు చేతిని ఎక్కడ సాధన చేసుకోవాలో అందులో ఉంది. కోయడం బూడిదగుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద. చీల్చడం నీళ్లు నింపిన తోలుతిత్తి మీద. గోకడం వెంట్రుకలు ఊడని తోలు మీద. సిర పొడవడం చచ్చిన పశువు సిరల మీద, తామరతూడు మీద. కట్లు కట్టడం మనిషి ఆకారంలో చేసిన బొమ్మ మీద. చీము, రసి కార్చడం నేర్చుకోవాలంటే మాత్రం బూరుగు పలకకి తేనెమైనం పూసి, దాని మీద.

మైనమే ఎందుకని చాలాసేపు ఆలోచించాను. గుమ్మడికాయ కోస్తే తెగుతుంది, అంతే. మైనం లొంగుతుంది, లొంగాక గుర్తును అలాగే ఉంచుకుంటుంది. కత్తి ఎంత లోతుకు దిగిందో, చెయ్యి ఎక్కడ వణికిందో గురువు తరవాత వచ్చి చూసుకోవచ్చు. నాకు తోచిన కారణం ఇది.

శామీర్‌పేట వైపు పోతుంటే ఎర్రబూరుగులు పూసి ఉన్నాయి. కొమ్మకి ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే.

ఫిబ్రవరి 14

ఒక మెడికల్ కాలేజీలో అనాటమీ మ్యూజియం చూశాను. సైన్సు పుస్తకాలకి బొమ్మలు వేసే పనివల్ల అక్కడి ప్రొఫెసర్‌గారితో పరిచయం. గోడ వెంట గాజు జాడీలు. ఫార్మలిన్ కండను కుళ్లనివ్వదు కానీ రంగును తినేస్తుంది. కాలేయం, మూత్రపిండం, గుండె, అన్నీ ఉడకబెట్టిన కంద రంగుకి వచ్చేశాయి. మధ్యలో బల్లల మీద ఫ్యాక్టరీ ప్లాస్టిక్ నమూనాలు: ధమనులన్నీ ఒకే ఎరుపు, సిరలన్నీ ఒకే నీలం, నరాలన్నీ ఒకే పసుపు. జాడీలో ఉన్నది నిజమే, దానికి రంగు లేదు. బల్ల మీది దానికి రంగుంది, నిజం లేదు. ఈ రెంటి మధ్య ఖాళీలోనే మూడు వందల ఏళ్ల కింద మైనం కూర్చుంది. వెలుతురు దాని పైపొర దాటి కొంత లోపలికి పోయి వెనక్కి వస్తుంది. చర్మమూ అంతే చేస్తుంది. అందుకే తడిగా, బతికున్నట్టు కనిపిస్తుంది. సున్నపు బొమ్మకీ చెక్కబొమ్మకీ ఈ గుణం లేదు.

"మేం చదివేటప్పుడు మా కాలేజీలో మోడలర్ అని ఒకాయన ఉండేవారండీ" అన్నారు ప్రొఫెసర్‌గారు. "లోపలి చెవిని పిల్లల తలకాయంత పెద్దది చేసి ఇచ్చారు. దాన్ని చేత్తో పట్టుకుని చదివాం. ఆ మూడు అర్ధవలయాలు ఇప్పటికీ నా వేళ్లకి గుర్తున్నాయి."

జాడీల మీద చీటీలున్నాయి. అవయవం పేరు, నంబరు. చేసినవారి పేరు ఒక్కదాని మీద కూడా లేదు.

ఫిబ్రవరి 20

అన్నా మొరాండి మంజొలీని. బొలోన్యా, 1714లో పుట్టి 1774లో పోయింది. భర్త జొవాన్ని మంజొలీని చిత్రకారుడు, మైనపు శిల్పి. మొదట ఎర్కొలె లెల్లి దగ్గర పనిచేశాడు. బొలోన్యాలోనే పుట్టిన పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ ఆ ఊరికి దేహశాస్త్ర మ్యూజియం ఒకటి ఉండాలని లెల్లికి పని అప్పగించాడు. తన పనికి దక్కాల్సిన పేరు లెల్లికి పోతోందన్న బాధతో జొవాన్ని బయటికొచ్చి ఇంట్లోనే పని మొదలుపెట్టాడు. అప్పుడు అన్నా కూడా కత్తి పట్టింది. ఒకపక్క పిల్లలు, ఇంకోపక్క వంటింటి పక్క గదిలో శవాలు. 1755లో భర్త పోయాక కూడా పని ఆపలేదు. విశ్వవిద్యాలయం ఆమెకి పాఠం చెప్పే అధికారం ఇచ్చింది, జీతం మాత్రం చాలా తక్కువ.

ఆమె మైనంతో తన రూపమే చేసుకుంది. మంచి బట్టలు, నగలు, ఎదురుగా తల, దాని పుర్రె తెరిచి ఉంది, చేతిలో పనిముట్లు. భర్తని కూడా చేసింది. ఆయన ముందు గుండె ఉంది. ఆ కాలపు లెక్కల్లో మెదడు మగవాడిది, గుండె ఆడదానిది. అన్నా వాటిని తారుమారు చేసి పెట్టింది. రెండూ బొలోన్యాలో పలాజ్జో పొజ్జీ మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఆమె చేసిన వాటిల్లో నాకు బాగా నచ్చేవి కళ్లు. కనుగుడ్డుని తిప్పే కండరాల్ని ఒక్కొక్కటి విడదీసి, చెక్కపలక మీద వరసగా పెట్టి చూపిస్తుంది. మొత్తం మనిషిని నిలబెట్టి అబ్బురపరచాలని చూడదు. చూపు ఎలా పనిచేస్తుందో ఓపిగ్గా చెప్తుంది. పాఠం చెప్పేవాళ్ల చేతిపని అది.

ఫిబ్రవరి 27, రాజీవ్ రహదారి

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన తేనె అమ్ముతున్నారు. బకెట్లో తుట్టెలు, పైన వేపకొమ్మ.

"అసలు తేనెనమ్మా, నీళ్ల చుక్క గూడ లేదు."

"తేనె వద్దన్నా, మైనం కావాలి."

"మైనం ఏం జేస్కుంటవమ్మా?"

"గుండెకాయ చేస్తా."

కాసేపు నా మొహం చూసి, "మట్టితోని జెయ్యరాదు?" అన్నాడు.

మంచి ప్రశ్న. మట్టి ఆరితే కుంచించుకుపోతుంది, పగులుతుంది, సన్నటి నరం నిలవదు. ఈ మాటే చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. పిండేసిన తుట్టెలు కవర్లో వేసి ఇచ్చాడు. "ఊకె పారేస్తమమ్మా. ఎప్పుడన్న కంసాలోల్లు అడిగితె ఇస్తం."

కంసాలివాళ్లు, కంచరివాళ్లు, ఆదిలాబాద్ ఓజాలు. మన దగ్గర మైనం వీళ్ల సరుకు. ఓజాలు గోండుల దేవతలకి, గంటలకి, ఏనుగులకి మైనపు తీగలు చుట్టి రూపం చేస్తారు. పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది, అది ఖాళీ చేసిన చోటికి ఇత్తడి వస్తుంది. ఆదిలాబాద్ డోక్రా అని పిలిచే ఈ పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక్కడ మైనం కరిగిపోవడానికే ఉంది. ఇటలీలో దాన్ని అచ్చులోంచి తీసి అద్దాల పెట్టెలో శాశ్వతంగా నిలబెట్టారు. మన పోత విగ్రహాలు ఇంత గొప్పవి కదా, మైనపు దేహాలు ఎందుకు లేవు అని నన్ను అడిగినవాళ్లున్నారు. నా జవాబు ఇది: మనవాళ్లకి మైనం బాగా తెలుసు. దాన్ని ఎక్కడ ఆపాలన్న విషయంలోనే వాళ్ల అవసరం వేరు.

మార్చి 5

ఫ్లోరెన్స్. గ్రాండ్ డ్యూక్ పియెత్రో లియోపోల్దో, ఫెలిచె ఫొంతానా అనే శాస్త్రవేత్త చేతికి ప్రకృతిశాస్త్ర మ్యూజియం అప్పగించాడు. 1775లో తెరిచారు. అదే లా స్పెకొలా. శుభ్రమైన బట్టలు వేసుకొస్తే సామాన్యులకి కూడా ప్రవేశం. ఈ ఒక్క సంగతికే ఆ రాజుని తలుచుకోవాలి. శరీరం లోపల ఏముందో తెలుసుకునే హక్కు వైద్యుడికే కాదు, కూలివాడికి కూడా ఉందని ఆ తలుపు ఒప్పుకుంది.

పని జరిగే తీరు ఇది. ఆస్పత్రి నుంచి శవం వస్తుంది. అనాటమిస్టు కోసి, కావలసిన భాగం విడదీస్తాడు. దాని మీద ప్లాస్టర్ పోసి ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు. మైనంలో రెజిన్, కొవ్వు, రంగులు కలిపి కరిగించి పలచటి పొరలుగా పోస్తారు. లోపల గుడ్డపేలికలు, నార కూరుతారు. సన్నటి నాళాలకి మైనంలో ముంచిన దారాలు, పట్టుపోగులు. పైన వార్నిష్. క్లెమెంతె సుసీని ఆ కర్మాగారంలో పెద్ద చెయ్యి. ఇప్పటికీ అక్కడ 1,400 పైచిలుకు మైనపు ముక్కలున్నాయి.

మార్చి 6

నిన్నటి దానికి ఇంకొకటి. ఆస్ట్రియాని ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ ఆ మ్యూజియం చూసి తన సైనిక వైద్యులకి అలాంటివే కావాలన్నాడు. 1,192 నమూనాలు. ఆల్ప్స్ కొండల మీదుగా కంచరగాడిదల మీద మోయించి వియన్నా చేర్చారు. 1785లో తెరిచిన యొజెఫీనుమ్‌లో అవి ఇంకా ఉన్నాయి. చిన్న దెబ్బకే పగిలే సరుకుని మంచుకొండ దాటించినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మార్చి 16

ఇవాళంతా ఒకే పని.

మేడ్చల్ మటన్ కొట్టులో మేక గుండెకాయ అడిగాను. "ఒక్క గుండెకాయేనా అక్కా? కార్జం గూడ తీస్కపో, మంచిగుంటది" అన్నాడు. కోయొద్దు, పైన నాళాలు తెగకుండా ఇవ్వమన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి వేళ్లతో విడదీశాడు. బృహద్ధమని ముక్క బొటనవేలంత పొడుగు మిగిల్చి నా చేతిలో పెట్టాడు. ఆ చేతి నేర్పు చూస్తే ఫ్లోరెన్స్ అనాటమిస్టు మెచ్చుకునేవాడు.

ఇంటికి తెచ్చి చల్లనీళ్లలో గడ్డకట్టిన నెత్తురు తోశాను. గదుల్లోకి దూది కూరితేనే నిలబడింది, లేకపోతే చప్పబడి పళ్లెంలో పరుచుకుంటోంది. సగం వరకు మెత్తమట్టిలో కూర్చోబెట్టి పైసగం మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మొదటి పొర కుంచెతో, గాలిబుడగ నిలవకుండా. గట్టిపడ్డాక అంచులో రెండుచోట్ల గుంటలు చెక్కాను, రెండో సగం కచ్చితంగా వచ్చి కూర్చోవడానికి. సబ్బునీళ్లు పూసి రెండో సగం పోశాను. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మీద అరచెయ్యి పెడితే లోపలి గుండె వెచ్చబడినట్టే ఉంది.

తుట్టెలు అంతకుముందే నీళ్లలో ఉడికించి, గుడ్డలో వడగట్టి, చల్లార్చి ఉంచాను. పైన బిళ్లలా తేలిన మైనం అడుగున నల్లటి మడ్డి ఉంటుంది, చాకుతో గీకెయ్యాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. గిన్నెలో నీళ్లు, నీళ్లలో ఇంకో గిన్నె. కొంచెం గుగ్గిలం పొడి వేస్తే బిగువు వస్తుంది. రంగు కోసం చాలాసేపు పట్టింది. గుండె ఎర్రగా ఉంటుందని అందరూ అనుకుంటాం. చేతిలో ఉన్నది ఎరుపు, గోధుమ, కొద్దిగా ఊదా. పైన, నాళాలు పోయే గాడిలో, పచ్చటి కొవ్వు చార. ఆ కొవ్వుకి వేరే మైనం, పాలిపోయిన పసుపు, ముందే అచ్చు గాడిలో కుంచెతో వేశాను. అచ్చుని గోరువెచ్చని నీళ్లలో నానబెడితే మైనం అంటుకోదు. ఒక పొర పోసి, అన్ని వైపులా తిప్పి, మిగిలింది వెనక్కి వంచి, చల్లబడ్డాక రెండో పొర.

సాయంత్రం అచ్చు విప్పాను. కొవ్వుచార పక్కనే, ముందువైపు కిందికి దిగే ధమని, వెంట్రుకంత కొమ్మలతో సహా వచ్చింది. నేనెప్పుడూ బొమ్మల్లో ఆ కొమ్మల్ని మూడో నాలుగో గీతలతో సరిపెట్టేదాన్ని, పుస్తకం అంతకంటే అడగదు. మైనం అన్నీ అడిగింది.

మార్చి 23

సుసీని "వీనస్" గురించి రాయాలి. 1780ల్లో చేసినది. నిండు మనిషి, పడుకుని ఉంటుంది. నిజమైన వెంట్రుకలు, మెడలో ముత్యాల దండ, కళ్లు సగం మూసి. పొట్ట పైభాగం మూతలా తీస్తే లోపల పొర తరవాత పొర, అడుగున గర్భసంచిలో చిన్న పిండం.

నాకు ఆ పనితనం మీద అపారమైన గౌరవం. ఆ ముత్యాలంటే మాత్రం కోపం. లా స్పెకొలాలో మగ నమూనాలు ఎక్కువగా కండరాలు చూపిస్తూ నిలబడతాయి. ఆడమనిషి పరుపు మీద, సుఖంగా, నొప్పి లేనట్టు. పేగులు బయటికి తీస్తున్నా ఆమె మొహంలో ఒక్క గీత మారదు. చూసేవాడికి భయం వెయ్యకూడదని అలా చేశారంటారు. భయం పోగొట్టడానికి అంత సింగారం ఎందుకు? మొరాండి చేసిన కంటి కండరాల పలక కూడా ఎవరినీ భయపెట్టదు.

సిసిలీవాడు గయెతానొ జుంబొ అంతకు దాదాపు నూరేళ్ల ముందే ఇంకో దారి పట్టాడు. ప్లేగులో కుళ్లుతున్న దేహాల్ని చిన్న చిన్న పెట్టెల్లో మైనంతో చేశాడు. ఆయన చేసిన తల ఒకటి నిజమైన పుర్రె మీదే కట్టినది, చర్మం రంగు మారడం మొదలైనట్టు చేశాడు. ఆయన 1701లో పారిస్‌లో పోయాడు. చావుని అందంగా చెయ్యలేదు, అందులో దాచిందీ లేదు.

మార్చి 25

ఇదే నెలలో, 2019లో, గచ్చిబౌలి ఏఎంబీ సినిమాస్‌లో మహేశ్‌బాబు మైనపు బొమ్మ ఒక్కరోజు పెడితే జనం విరగబడి చూశారు. తరవాత దాన్ని సింగపూర్ టుస్సాడ్స్‌కి పంపారు. ఆ కళ వచ్చిన ఇల్లు ఒక వైద్యుడిది. ఫిలిప్ కర్టియస్ స్విట్జర్లాండ్‌లో బెర్న్‌లో డాక్టరు. పాఠం కోసం మైనంతో అవయవాలు చేసేవాడు, తరవాత పారిస్‌లో మొహాలు చేశాడు. ఆయన ఇంట్లో పనిచేసిన ఆవిడ కూతురు మారీ ఆ పని నేర్చుకుంది. పెళ్లయ్యాక ఆమే మేడమ్ టుస్సాడ్.

ఏప్రిల్ 8

ఆ దేహాలు ఎవరివి?

ఫ్లోరెన్స్‌కి సాంతా మరియా నువోవా ఆస్పత్రి నుంచి వచ్చేవి. దిక్కులేనివాళ్లవి, డబ్బులేనివాళ్లవి. శవం నిలవ ఉండదు కాబట్టి ఒక్క నిలువెత్తు బొమ్మకి చాలా దేహాలు కావాలి. ఒకరి చెయ్యి, ఇంకొకరి కాలేయం, వేరొకరి శోషరస నాళాలు. ఆ అందమైన ఒక్క మనిషి నిజానికి పదుల మంది పేదవాళ్లు. వాళ్లని అడిగినవాళ్లు లేరు.

1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి శవాల్ని అనాటమీ స్కూలుకి అమ్మారు. ఆ వార్త విన్న గోథే, ముసలితనంలో, చనిపోయే ఏడాది, శవాలకి బదులు మైనపు నమూనాలతో పాఠం చెప్పే కేంద్రం బెర్లిన్‌లో పెట్టాలని రాశాడు. బ్రిటన్ అదే 1832లో అనాటమీ చట్టం తెచ్చింది. హంతకులకి పని లేకుండా పోయింది. దానికి బదులు వర్క్‌హౌసుల్లో చచ్చిపోయిన, తీసుకెళ్లేవాళ్లు లేని పేదల దేహాలు బల్ల మీదికొచ్చాయి. నా మనసు గోథే వైపే ఉంది. కానీ మైనపు నమూనా చెయ్యడానికి కూడా ముందొక శవం కావాలి.

మన దేశంలో 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా కత్తి పట్టాడు. సంస్కృతంలో వైద్యం చదివిన పండితుడు. సుశ్రుతుడు శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు నానబెట్టి, తరవాత వట్టివేళ్ల కుంచెతో మెల్లగా పొర పొర రుద్ది చూడమన్నాడు. గుప్తాకి ఆ మాట తెలియకుండా ఎలా ఉంటుంది? మన హైదరాబాద్‌లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, వైద్య పాఠశాల మొదలైంది. పాఠం ఉర్దూలో. ఇవాళ్టి ఉస్మానియా మెడికల్ కాలేజీ దాని సంతతే.

ఏప్రిల్ 19

నా గుండె ఎండకి లొంగుతోంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడడం మాత్రం చాలా ముందే మొదలవుతుంది. మధ్యాహ్నం బృహద్ధమని కొంచెం పక్కకి వాలింది. బీరువాలో కింది అరలోకి, కుండనీళ్ల పక్కకి మార్చాను. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో మైనపు మనిషి నిలబడలేడు. దుమ్ము కూడా మైనానికి పట్టిందంటే వదలదు.

ఈ కష్టం యూరప్‌లో కూడా ఉండేది. ఫొంతానాకే మైనం మీద నమ్మకం పోయి విడదీసి కూర్చే చెక్కమనిషిని చెయ్యబోయాడు. వాతావరణానికి చెక్క ఉబ్బి అతుకులు పట్టలేదు. దారి కనిపెట్టింది ఫ్రాన్సు వైద్యుడు లూయీ ఓజూ. 1820ల్లో కాగితపు గుజ్జు, బెరడు పొడి, జిగురు కలిపి ముద్ద చేసి, అచ్చుల్లో నొక్కి, రంగులేసి, కొక్కేలతో విడదీసేలా చేశాడు. విద్యార్థి చేత్తో తీసి మళ్లీ పెట్టొచ్చు. మైనపు బొమ్మని ముట్టుకోనివ్వరు. ఓజూ బొమ్మ ముట్టుకోవడానికే ఉంది. తన సొంత ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టి దేశదేశాలకి పంపాడు.

కొండపల్లిలో తెల్లపొణికి చెక్క మీద చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి మనుషుల్ని, ఎడ్లని చేస్తారు. ఓజూ ముద్దకి ఆ మక్కు దగ్గరి చుట్టమే. నిర్మల్‌లో కూడా అదే చెక్క. ఈ రెండు ఊళ్ల చేతుల్లో మన ఎండకి తట్టుకునే గుండె, మూత్రపిండం, లోపలి చెవి తయారవుతాయి. ఇది నా నమ్మకం. మెడికల్ కాలేజీలు ఒక్కసారి ఆ ఊళ్లకి వెళ్లి అడగాలి. ఈ మాట ప్రొఫెసర్‌గారికి ఉత్తరం రాశాను.

ఏప్రిల్ 27

జోసెఫ్ టౌన్. 1826లో, ఇంకా ఇరవయ్యేళ్లు నిండని కుర్రవాడు, తాను చేసిన మైనపు అస్థిపంజరం పట్టుకుని లండన్ వచ్చాడు. గైస్ హాస్పిటల్ పని ఇచ్చింది. 1879లో పోయేదాకా అక్కడే, 53 ఏళ్లు, వెయ్యికి పైగా నమూనాలు. తలుపు వేసుకుని పని చేసేవాడు. మైనంలో ఏం కలిపేవాడో ఎవరికీ చెప్పలేదు. ఆ రహస్యం ఆయనతోనే పోయింది. పనిని ఇంత ప్రేమించినవాడు శిష్యుణ్ని తయారుచెయ్యకుండా పోవడం నాకు మింగుడుపడదు.

పారిస్ సెయింట్ లూయీ ఆస్పత్రిలో జ్యూల్ బరెత్తా దీనికి వేరే. ముందు కాగితపు గుజ్జుతో పండ్లు చేసి అమ్ముకునేవాడు. చర్మవైద్యులు పిలిచారు. ఆయన చేసినవి శవాల అచ్చులు కావు, బతికున్న రోగుల చర్మం మీద ప్లాస్టర్ పెట్టి తీసినవి. మొహం మీద పుండు, చేతి మీద దద్దురు, కుష్ఠు మచ్చలు. 1889లో మ్యూజియం తెరిచారు, ఇప్పుడు అక్కడ 4,800కి పైగా ఉన్నాయి. ఫొటోలో రంగు లేని రోజుల్లో డాక్టర్లు జబ్బుని వీటి మీదే గుర్తుపట్టడం నేర్చుకున్నారు. చర్మం మీద తడి ప్లాస్టర్ ఎంతసేపు ఉంచుకున్నాడో ఆ రోగి, ఊపిరి బిగబట్టుకుని. ఆ మొహాల్లో సుసీని వీనస్ నిద్ర లేదు. ఓర్పు ఉంది.

మే 10

హైదరాబాద్‌లో వైద్య చరిత్రకి ఒక సంస్థ ఉందని చాలామంది డాక్టర్లకే తెలియదు. 1956లో ఉస్మానియా మెడికల్ కాలేజీలో వైద్య చరిత్ర విభాగంగా మొదలైంది. దాన్ని నిలబెట్టినాయన డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి. అంతకుముందు విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఉండగానే ఈ పని మొదలుపెట్టారు. తాళపత్రాలు, పాత పనిముట్లు, శాసనాల్లో ఆరోగ్యశాలల ప్రస్తావనలు, అన్నీ పోగుచేశారు. వైద్యుడు తన వృత్తి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుని తీరాలని జీవితమంతా పట్టుబట్టిన తెలుగువాడు. నమూనాల చరిత్ర మన భాషలో ఎవరైనా రాస్తే ఆ పుస్తకం ఆయనకి అంకితం ఇవ్వాలి.

మే 22, తుర్కపల్లి

జీనోమ్ వ్యాలీ మీదుగా బస్సు. రెండు పక్కలా గోడలు, గేట్లు, వాటి వెనక టీకాలు, మందుల పరిశోధన. ఒకప్పుడు ఈ వైపంతా ద్రాక్షపందిళ్లు.

బస్సులో పక్కన కూర్చున్న నర్సింగ్ అమ్మాయి స్కిల్ ల్యాబ్ గురించి చెప్పింది. రబ్బరు చెయ్యి, దానిలో ఎర్రనీళ్ల గొట్టం. సూది సరిగ్గా దిగితే ఎర్రనీళ్లు వస్తాయి. "మొదటిసారి మనిషికి గుచ్చినప్పుడు చేతులు వణకలేదక్కా, రబ్బరు చేతికి బాగా అలవాటైంది." తామరతూడు చేసే పని ఇదే కదా అన్నాను. తామరతూడు సంగతి ఆమె వినలేదట. బస్సు దిగేలోపు సుశ్రుతుడి జాబితా మొత్తం చెప్పాను. సొరకాయ దగ్గర పడీపడీ నవ్వింది, బూరుగు పలక దగ్గర నవ్వలేదు. "వాళ్లకి కూడా మనిషిని నొప్పించకూడదని ఉండిందన్నమాట" అంది.

1977లో హైడెల్‌బర్గ్‌లో గుంటర్ ఫొన్ హాగెన్స్ దేహంలోని నీరు, కొవ్వు తీసి ప్లాస్టిక్ నింపే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు తెర మీద వేలితో కోసే బల్లలు కూడా వచ్చాయి. వీటిని నేను కాదనను. అయినా ఏ పద్ధతి వచ్చినా మొదట ఎవరో ఒకరు దేహం ఇవ్వాలి.

జూన్ 3, శామీర్‌పేట

మా ఎదురింటి పెద్దాయన దేహదానం ఫారం నింపుతానంటే, ఆయనకీ భార్య పెద్దమ్మకీ తోడుగా మెడికల్ కాలేజీకి వెళ్లాను. ద్రాక్షతోట రైతు, తోట అమ్మి చాలాకాలమైంది. ప్రొఫెసర్‌గారు కూర్చోబెట్టి అన్నీ చెప్పారు. ఇంట్లోవాళ్ల సంతకం ఉండాలి, ఎందుకంటే ఆయన పోయాక పిలవాల్సింది వాళ్లే. కొన్ని గంటల్లో కబురు చెయ్యాలి. పోస్ట్‌మార్టం జరిగితే తీసుకోరు, కొన్ని అంటువ్యాధులున్నా తీసుకోరు. కళ్లు ముందే వేరే ఇవ్వొచ్చు.

"నన్ను ఏం జేస్తరమ్మా?" అన్నాడు.

ప్రొఫెసర్‌గారు దాచలేదు. మొదటి సంవత్సరం పిల్లలు కోసి నేర్చుకుంటారని, కోసేముందు అందరూ నిలబడి ప్రమాణం చేస్తారని, దేహాన్ని మొదటి గురువు అంటారని చెప్పారు.

పెద్దమ్మ అడిగింది: "మరి పేరు రాస్తరా, అయ్యది?"

పేరు బయట పెట్టరు, అది పద్ధతి, అన్నారు. "ఇంకేమన్నా రాయొచ్చు. వయసు, చేసిన పని. కావాలంటే నేను రాయిస్తాను." నా వైపు చూసి, "మీరు చేసిన గుండెకి కూడా చీటీ రాసి తెండి. చేసినవాళ్ల పేరు, ఏడాది, దేని అచ్చో, అన్నీ ఉండాలి. ఇకమీదట ఇక్కడికొచ్చే ప్రతి నమూనాకి అదే పెడదాం" అన్నారు.

పెద్దాయన ఫారంలో వృత్తి గడి దగ్గర పెన్ను ఆపాడు. "రిటైర్డ్ అని రాయాలె?" అన్నాడు.

"ద్రాక్షతోట రైతు అని రాయండి పెదనాయనా."

"తోట లేదు గదమ్మా."

"ఉండె గద" అంది పెద్దమ్మ. ఆయన రాశాడు.